దీపాలు పెట్టేలోగా దిగువరేవుకి

కొత్తరేవు గద్దల కొట్టు రోజువారీ పుస్తకం. రాసేది అసిరమ్మ, కొట్టు కాపరి.

63వ ఏడు, ఆశ్వయుజం 3

పొద్దున ఏడు గద్దలు దిగాయి, ఆరు ఎగిరాయి. ఏడోది రెక్క ఊపనని మొరాయించింది. విప్పి చూస్తే మోటారులో ఉన్నిపోగు. దించిన సరుకు: ఉప్పు, మేకులు, జ్వరం మాత్రలు, ఎవరూ అడగని ఊదారంగు దారం.

రోజూ రాసేది ఇంతే. ఈ రోజు ఇంకొకటి రాయక తప్పదు. ఊరి పెరుగును నేను చంపేశాను.

కావాలని కాదు. మా ఊళ్ళో నలభై ఒక్క ఇళ్ళు, పద్నాలుగు జడలబర్రెలు. పాలన్నీ ఒకే కుండలో తోడేస్తాం. పొద్దున్నే పంచుకుంటాం, మధ్యాహ్నానికి ఊడ్చుకుని తినేస్తాం. కుండ అడుగున మిగిలిందే మర్నాటికి తోడు. కుండ వారానికో ఇల్లు తిరుగుతుంది. ఈ వారం మాది. కొట్టులో నా చేతికి పాతికేళ్ళ అలవాటు ఒకటుంది: ఏది చేతికొచ్చినా నీలికిరణం కింద పెట్టడం. తాతల కాలంలో పెద్దజబ్బు వచ్చి వెళ్ళాక యంత్రం మోసే ప్రతి వస్తువూ ఆ వెలుగు కింద పడుకోవాలని కట్టడి చేశారు. కంటికి కనపడని పురుగేదున్నా చస్తుంది. నిన్న సాయంత్రం ఏదో ఆలోచిస్తూ తోడుకుండను కూడా దాని కింద పెట్టేశాను.

పొద్దున పాలు పాలలాగే ఉన్నాయి. తోడు లేకపోయినా పెరుగవుతుందని మా అత్త మిరపకాయ తొడిమలు వేయమంది. వేశాం. మా మిరపకాయలూ గద్ద కడుపులో వచ్చినవే, నీలికిరణం తిన్నవే. సాయంత్రానికి పాలలో తొడిమలు ఈదుతున్నాయి.

తాతల ఊరు సముద్రంలో కలిసిపోయిన ఏడు మా ముత్తవ్వ తడిగుడ్డలో చుట్టి, కడుపుకి కట్టుకుని తెచ్చిన తోడు అది. ఇంత ఎత్తు కొండ మీద ఊరికి రేవని పేరేమిటని కొత్తవాళ్ళు నవ్వుతారు. ఆ పేరూ, ఆ తోడూ తప్ప మా పెద్దలు వెంట తెచ్చుకున్నది ఏమీ లేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాను.

ఆశ్వయుజం 4

ఊరంతా నన్ను "పెరుగు మింగిన అసిరి" అంటున్నారు. తిట్టినా బాగుండేది. చలికాలం అయిదు నెలలు గద్దలు సరిగా ఎగరవు. నిలవ బియ్యం, ఎండు కూరలు, ఊరగాయలు. వాటి మధ్య పెరుగొక్కటే ప్రాణమున్న తిండి. అది లేకుండా ఈ చలికాలం ఎలా గడుస్తుందో తలుచుకుంటే భయం వేస్తోంది.

మాటపెట్టెలో దిగువరేవుని పిలిచాను. దిగువరేవు మా కాళ్ళ కిందే ఉంటుంది. మా ఊరి అంచున బోర్లా పడుకుని తొంగిచూస్తే మూడువేల అడుగుల కింద వాళ్ళ ఇళ్ళ కప్పులు కనిపిస్తాయి. మధ్యలో ఉన్నది నిట్టనిలువు కొండచరియ. దాని మీద సరుకు మోసే తీగబండి ఆగిపోయి పదకొండేళ్ళు. గద్దలతో సరుకు ఇచ్చిపుచ్చుకుంటాం గాని మనుషుల రాకపోకలు మొదట్నుంచీ లేనట్టే. వాళ్ళు కోళ్ళతో పాటు పడుకునే బద్ధకస్తులని మా ఊళ్ళో హాస్యం. మా కంటే ముందే దీపాలు పెట్టుకుని తలుపులు మూసేస్తారు మరి.

వాళ్ళ తోడు కాపాడేది వరహాలమ్మ. డెబ్భై ఆరేళ్ళ మనిషి, గొంతు మాత్రం పదహారు. సంగతంతా విని అంది:

"ఒలే గుంటా, తోడంటే ఉప్పూ పప్పూనేటి, గద్ద కడుపులో ఏసి పంపడానికి? పంపినా సచ్చే వత్తాది కదా."

"అందుకే కదా పెద్దమ్మా ఏటి సెయ్యాలో తెలక నిన్నడుగుతున్నాను."

"నడిసొచ్చి అడుగు. ఇత్తాను. దీపం ఎట్టినాక మాత్రం ఇవ్వను, ముందే సెప్తున్నాను. దీపాలేల దాటినాక పెరుగు గడప దాటితే ఇంటి లచ్చిమి దాంతో పాటే ఎలిపోతాది. మా అమ్మకి మాటిచ్చినాను."

ఆ కట్టుబాటు మా ఇంట్లోనూ ఉంది. సరేనన్నాను.

నడిచి వెళతానని చెబితే మా ఆయన దాలినాయుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "నువ్వా? మొన్న పక్కీధికి ఎల్లడానికి బండడిగినావు!" తర్వాత ఆయన ఉపాయం ఆయన చెప్పాడు: తాడు కట్టి కుండను చరియ మీంచి దించి, పెరుగుతో లాగేద్దామని. నీళ్ళకుండతో పరీక్ష చేశాం. రెండొందల అడుగులు దిగేసరికి గాలి దాన్ని రాయికేసి కొట్టింది. గద్ద కాలికి వేలాడదీద్దామన్నాడు. గద్ద కడుపు బయట చెంచా కట్టినా అది ఎగరదు, అలా తయారుచేశారు. ఇక మిగిలింది కాళ్ళు.

ఆశ్వయుజం 5

గద్దలు: అయిదు, అయిదు. ఏడోది ఇంకా అలకలోనే.

దారి తెలిసిన మనిషి ఊళ్ళో ఒక్కడే, సూరప్పడు తాత. కుర్రతనంలో వేసవి మేతకి మేకలు తోలేవాడు. ఆ దారిలో ఆఖరిసారి నడిచి నలభై రెండేళ్ళు. నాకు దారులు గీయడం కొత్త కాదు. గద్దలకి రోజూ గీసేదాన్నే. కాగితం పరిచి ఎంత దూరమో చెప్పమన్నాను.

"మెడ దాకా పన్నెండు సుట్టలు," అన్నాడు. మెడ అంటే రెండు శిఖరాల మధ్య కనుమ, దారి మొత్తంలో ఎత్తైన చోటు. "అక్కడ్నించి దిగుడు పదమూడు సుట్టలు."

"సుట్టలేటి తాతా?"

"సుట్టెలిగించి ఆరిపోయేదాకా ఎంత దూరమెల్తే అంత."

ఈ కొండ మీదికి పొగాకు రావడం ఆగిపోయి ముప్ఫై ఏళ్ళయింది. ఒక చుట్ట ఎన్ని నిమిషాలని అడిగితే ఆయనకి తెలియదు. చివరికి దేవదారు పుల్ల ఒకటి నోట్లో పెట్టి, అరుగు మీద కూర్చోబెట్టి, గడియారం పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. తాత కళ్ళు మూసుకుని పుల్ల పీల్చాడు, బూడిద రాల్చాడు, మధ్యలో ఒకసారి నిజంగానే దగ్గాడు. ఇరవై నాలుగు నిమిషాలు పట్టింది. దారి చూపించడానికి తానూ వస్తానన్నాడు.

పాతిక చుట్టలు, ఇరవై నాలుగు నిమిషాల చొప్పున పది గంటలు. తిండికీ ఊపిరికీ ఒక గంట. తెల్లవారుజామున అయిదుకి బయలుదేరితే సాయంత్రం నాలుగుకి చేరతాం. ఈ నెలలో దీపాలవేళ ఆరుంబావు. రెండుంబావు గంటల వెసులుబాటు ఉంది. కింద గీత గీసి, రెండుసార్లు కూడి, దాలినాయుడికి చూపించాను. లెక్క బాగుందన్నాడు.

ఆశ్వయుజం 7

వానపెట్టె చెప్పింది ఇది: మెడ మీద ఎనిమిదో తారీఖు దాకా ఈదురుగాలి. తొమ్మిది తెరిపి. పది మధ్యాహ్నం నుంచి మంచు. ఆ మంచు పడిందంటే మెడ మళ్ళీ ఫాల్గుణంలోనే తెరుచుకునేది.

అంటే తొమ్మిదిన వెళ్ళాలి, ఆ సాయంత్రమే తోడు చేతిలో పడాలి, పదిన నాలుగుకే లేచి ఎక్కడం మొదలుపెట్టాలి, మధ్యాహ్నంలోగా మెడ దాటాలి. ఒక్క పూట అటూ ఇటూ అయినా అయిదు నెలలు పెరుగు లేదు.

రోజూ బియ్యం బస్తా వీపున వేసుకుని కొట్టు మెట్లు నలభైసార్లు ఎక్కి దిగుతున్నాను. ఊరి పిల్లలు లెక్కపెడుతున్నారు. ముప్ఫైకి నలభై అని దొంగలెక్క చెప్పే పిల్ల మీద నాకు ప్రేమ పుట్టింది.

మూటలో పెట్టినవి: పేలపిండి, బెల్లం, ఎండుచేప, తాడు, రెండు కర్రలు, మూతగిన్నె, దాన్ని నడుముకి కట్టుకోవడానికి అత్త ఉన్ని శాలువా. తోడుకి ఒంటివేడి కావాలి. తొమ్మిదిన సాయంత్రం నాలుగుకి మా పెళ్ళినాటి ఇత్తడి పళ్ళెం కొండంచున ఎండకి తిప్పి మెరిపిస్తానని దాలినాయుడు మాటిచ్చాడు. కింద నుంచి అది చూసి నేను ధైర్యం తెచ్చుకోవాలట.

"ధైర్యం నాకున్నాది. పాలు కాసుకోవడం నేర్చుకో," అన్నాను.

ఆశ్వయుజం 9, దిగువరేవు, సాయంత్రం అయిదున్నర

వరహాలమ్మ ఇంట్లో కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని రాస్తున్నాను.

మెడ దాకా ఎక్కుడు అనుకున్నట్టే చంపింది. జారుడురాళ్ళ వాలు మీద రెండడుగులు వేస్తే ఒకటిన్నర వెనక్కి జారాం. సూరప్పడు తాత "ఇక్కడో సెట్టుండాల," "ఇక్కడో ఇనప నిచ్చెనుండాల" అంటూ నడిచాడు. చెట్టు లేదు. మెడ అవతల నిచ్చెన మాత్రం ఉంది, అరవై మెట్లలో పదకొండు లేవు. తాత మేకలా దిగాడు. నేను కళ్ళు మూసుకుని, మా ఇంటి దేవతలందరినీ పేరుపేరునా పిలుచుకుంటూ దిగాను. తాత చుట్టకోసారి పుల్ల పీల్చాడు. ఆయన లెక్క గడియారానికి పది నిమిషాల తేడాలో నడిచింది.

మూడూ ఇరవైకి తెల్లరాయి అనే మలుపు దగ్గర హఠాత్తుగా చల్లబడింది. నీడలోకి దిగామనుకున్నాను, అంతే. అప్పుడైనా ఆలోచించాల్సింది.

మూడూ యాభైకి ఊళ్ళో అడుగుపెట్టాం. అనుకున్నదాని కంటే పది నిమిషాల ముందు! గర్వంతో తాత వీపు తట్టాను. తల ఎత్తి చూస్తే వీధి పొడవునా ప్రతి గడప దగ్గరా దీపం వెలుగుతోంది.

"ఏటి పెద్దమ్మా, పండగా?" అని అడిగాను, అరుగు మీద కూర్చున్న వరహాలమ్మను.

"పండగేటి? దీపాలేల కదా. మీ ఊర్లో ఎట్టరేటి?"

పడమటికి చూశాను. ఊరి నెత్తి మీదే నిలబడ్డ శిఖరం వెనక్కి పొద్దు ఎప్పుడో వెళ్ళిపోయింది. వీళ్ళు కోళ్ళతో పడుకోవడం లేదు. ఈ లోయలో పొద్దే మూడింటికి పడుకుంటోంది. అరవై ఏళ్ళుగా మా ఊరి అంచున బోర్లా పడుకుని ఈ దీపాలు చూసి నవ్వుకున్నామే గాని, వీళ్ళ మీద పడ్డ నీడను ఒక్కరమూ చూడలేదు. గాలి లెక్క వేశాను, ఎత్తు లెక్క వేశాను, లేని చుట్టలు కూడా లెక్క వేశాను. పొద్దు మాత్రం అందరికీ మా ఊరి పొద్దే అనుకున్నాను.

"పెద్దమ్మా, మా ఊర్లో ఇంకా దీపాలెట్టలేదు. అదిగో, కొండంచు మీద ఎండ సూడు," అన్నాను ఆఖరి ఆశగా.

"ఎలిపోయేది మా ఇంటి లచ్చిమి కదే, మీ ఇంటిది కాదు. పొద్దు పొడవగానే ఇత్తాను."

"ఎన్నింటికి పొడుస్తాది?"

"తొమ్మిదిన్నరకి."

తొమ్మిదిన్నరకి బయలుదేరితే మెడ చేరేసరికి దాని మీద నిలువెత్తు మంచు ఉంటుంది. నలుగురిలో ఉన్నానని కూడా చూడకుండా ఏడ్చేశాను. వరహాలమ్మ కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి.

"నాకు ఇవ్వాలని లేదేటే? ఈ వయసులో అమ్మకిచ్చిన మాట ఎలా తప్పమంటావు?"

అప్పుడు మూడువేల అడుగుల పైన, కొండంచున, చుక్కలా ఏదో మెరిసింది. ఆగి మళ్ళీ మెరిసింది. మా పెళ్ళి పళ్ళెం. నాలుగు గంటలైంది. వీధిలో అందరూ అరచేతులు కళ్ళకి అడ్డుపెట్టుకుని పైకి చూశారు.

"అక్కడింకా ఎండుంటాదేటి!" అంది వరహాలమ్మ, ఎవరితోనూ కాకుండా.

ఏడుపు ఆగిపోయింది. "పెద్దమ్మా, మూడూ ఇరవైకి తెల్లరాయి దగ్గర ఎండలోంచి నీడలోకి దిగినాను. ఇప్పుడు ఆ నీడ ఇంకొంచెం పైకెక్కుంటాది. బేగి ఎల్తే అందుకోగలం. నువ్వు ఇంట్లో ఇవ్వొద్దు. ఎండలో ఇవ్వు."

వరహాలమ్మ ఆలోచించింది.

"కుండ నాది. ఇచ్చేదాకా నా ఒల్లోనే ఉంటాది," అంది చివరికి. "నా కుండతో నాను ఊరేగితే లచ్చిమి నాతోనే వత్తాది. ఒరే, డోలీ తీయండ్రా!"

నలుగురు డోలీ ఎత్తారు. రోగులను మోసే డోలీ అది. ఇంత హుషారుగా ఎప్పుడూ పరుగెత్తి ఉండదు. వరహాలమ్మ ఒళ్ళో కుండ, నోట్లో తిట్లు. "కుదపకండి, మజ్జిగైపోతాది!" వెనక ఊరు ఊరంతా బయలుదేరింది. నేను అందరి కంటే ముందున్నాను. తెల్లరాయి దగ్గర నీడే. దాని పై మలుపులోనూ నీడే. ఎండ అంచు మా ముందే, ఇరవై బారల దూరంలో, రాళ్ళ మీదుగా పైకి పాకుతోంది. మేం ఎంత ఎక్కితే అదీ అంత ఎక్కుతోంది.

"దించండి," అంది వరహాలమ్మ.

దించారు. కుండను రొమ్ముకి హత్తుకుని, ఒక చెయ్యి సూరప్పడు తాత భుజం మీద వేసి, వంకర మోకాళ్ళతో దారి వదిలి నేరుగా వాలు ఎక్కింది. ముప్ఫై అడుగులు వేసేసరికి ముందు ఆమె కొప్పు మీద ఎండ పడింది. తర్వాత నుదురు, తర్వాత కుండ.

ఆగిపోయింది. కళ్ళు మూసుకుంది. "ఒలమ్మ! ఈ పొద్దులో ఎండ ఇంత ఎచ్చగుంటాదేటి. ఎన్నేల్లైపోనాదే!"

ఆమె ఎండలో నిలబడింది చాలాసేపు కాదు, ఉన్న ఎండే కొంచెం. గరిటెడు తోడు తీసి నా గిన్నె వైపు చూసి మూతి తిప్పింది. "యంత్రం కంపు." తన బొడ్లోని చిన్న ఇత్తడి చెంబులో పోసి, గుడ్డ కట్టి, నా చేతిలో పెట్టింది. "సెంబు మా అమ్మది. తిరిగి పంపినప్పుడు కాలీగా పంపకు."

ఇచ్చిన గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదని నాకూ తెలుసు. ఏం పెట్టి పంపుతానో మాత్రం ఆ క్షణంలో తెలియదు. చెంబును కడుపుకి కట్టుకున్నాను. అది గోరువెచ్చగా ఉంది.

ఆశ్వయుజం 10

నాలుగుకి లేచాం. పదకొండూ నలభైకి మెడ దాటుతుంటే మొదటి మంచురేకు సూరప్పడు తాత పుల్ల మీద పడింది. "సుట్ట తడిసిపోనాది," అన్నాడు. ఆయన్ని అక్కడే కౌగిలించుకున్నాను.

ఇంటికొచ్చేసరికి దాలినాయుడు పొయ్యి ముందు పాలగిన్నెలో వేలు ముంచి కూర్చున్నాడు. "గోరెచ్చగున్నాయి. పదిసార్లు సూసినాను." ఆ వేలు బొబ్బెక్కి ఉంది. మొదట్లో గోరువెచ్చగా లేవన్నమాట.

ఆశ్వయుజం 11

గద్దలు లేవు, మంచు.

పెరుగు తోడుకుంది. గరిటె పెడితే ముక్కగా తెగింది. నలభై ఒక్క ఇళ్ళకీ నేనే మోసుకెళ్ళి పోశాను. ప్రతి ఇంట్లోనూ ఒక్క మాట చెప్పాను: వాళ్ళు కోళ్ళతో పడుకోరు, వాళ్ళ మీద నీడ పడుతుంది. కొందరు నవ్వబోయి ఆగారు. మా అత్త తింటున్న చెయ్యి ఆపి చాలాసేపు కిటికీలోంచి చూసింది.

తోడుకుండ మీద ఎర్రరంగుతో "అసిరికి ఇవ్వకూడదు" అని ఎవరో రాశారు. చేతిరాత దాలినాయుడిది.

ఆశ్వయుజం 27

నాలుగు రోజులుగా ఆకాశం కడిగినట్టుంది. మెడ మూసుకుపోయినా గాలి లేదు, గద్దలు ఎగురుతున్నాయి. ఏడోది మాత్రం ఇక ఎగరదు. దానికి వేరే పని దొరికింది.

పాత తీగబండి పెట్టెల పైకప్పు రేకులు ఇరవై మూడు విప్పాం. ఊరంతా పది రోజులు బూడిదతో తోమింది, అద్దంలో చూసుకున్నట్టు మొహం కనపడేదాకా. కొండంచున చట్రం కట్టి వాటిని బిగించాం. పొద్దుతో పాటు చట్రం తిరగడానికి ఏడో గద్ద మోటారు పెట్టాను. మొరాయించకుండా తిరుగుతోంది.

పొద్దున వరహాలమ్మ చెంబును గద్దలో పంపాను. అందులో పెట్టింది ఒక కాగితం ముక్క: "మూడున్నరకి వాకిట్లో నిలబడు పెద్దమ్మా."

మూడున్నరకి మాటపెట్టె చెవికి ఆనించుకుని, రెండో చేత్తో చట్రం సర్దాను. మొదట ఏమీ వినపడలేదు. తర్వాత పిల్లల కేకలు, పరుగులు, కుక్క అరుపు. ఆ తర్వాత ఆ పదహారేళ్ళ గొంతు.

"ఒలే అసిరీ! ఇదేటే ఇది! నా వాకిట్లో ముగ్గు మెరిసిపోతన్నాది!"

"సెంబు కాలీగా పంపొద్దన్నావు కదా పెద్దమ్మా."

అటువైపు ముక్కు చీదిన శబ్దం వచ్చింది. తర్వాత విసుగ్గా అంది: "బాగానే ఉన్నాది గానీ, ఇప్పుడు నాను దీపం ఎప్పుడెట్టాలే?"

"నీ ఇష్టం పెద్దమ్మా. అరుగు మీద ఇంకాసేపు కూకో."

గద్దలు: ఆరు దిగాయి, ఆరు ఎగిరాయి. దిగువరేవులో ఈ రోజు దీపాలు పెట్టిన వేళ: అయిదుంబావు.